గద్దల కింద ఇనప బండి

జ్యేష్ఠ బహుళ తదియ

బండి నడిపినవాళ్ళు ఆ రోజు బండికి ఏం జరిగిందో రాసి పెట్టాలని దాలినాయుడు మావ పట్టుబడతాడు. చక్రాల గొలుసు ఎక్కడ సాగింది, ఏ వాలులో బ్రేకు మొండికేసింది, అన్నీ రాయాలి. రేపు ఈ సీట్లో కూర్చునేవాళ్ళకి నోటితో చెప్పడానికి మనం ఉండకపోవచ్చని ఆయన మాట. అందుకే రాస్తున్నాను. నా పేరు వరహాలమ్మ. కింద కూర్చుని నడిపేది నేను. పైన బురుజులోంచి దారి చూసి చెప్పేది ఆయన. పూర్వం పటాలంలో ట్యాంకుల మీద పనిచేసిన మనిషి.

ఈ రోజు శృంగవరపుకోట నుంచి హైమవతి టీచర్ని తీసుకొచ్చాం. ఆమె ఎదలో గుండె మిషను ఉంది. ఆకాశం నుంచి ఈ మరగద్దలు దిగినప్పటి నుంచి ఒక బ్యాంకు లాకరు గదిలో ఉంటోంది. గది గుమ్మానికి బండిని ఆనించి, మధ్యలో రాగి జల్లెడ తెర కట్టి, ఆ చాటున ఎక్కించాం. తెర చాటు కాసేపే పనిచేస్తుంది. ఆ కాసేపట్లో మనిషి లోపలికి దిగి, తలుపు పడిపోవాలి.

దారిలో ఇంజను చల్లారడానికి ఆగాం. ఇంజను ఆపాక టీచరు ఊపిరి పీల్చే చప్పుడు వినిపించింది. భయపడుతోందని మావకి తెలిసింది.

"భయపడకండి టీచరమ్మా. ఇది రెండో పెపంచ యుద్దం నాటి ట్యాంకు. దీన్ని వాలెంటైన్ అనీవోరు. రైలుపెట్టెలు కట్టీ కార్కానాలో కట్టినారు."

"వాలెంటైనా? ప్రేమికుల రోజు పేరు పెట్టి ఫిరంగి కట్టారా?"

"పేరుకేటి, ట్యాంకు అన్న మాటే దొంగపేరు. మొదటి యుద్దంలో ముళ్ళకంచెలు దాటడానికి ఇనప పెట్టె సేసినారు. సత్రువుకి తెలీకుండా, ఇవి నీళ్ళ ట్యాంకులని సెప్పీసేరు. అదే నిలిసిపోనాది. అందులో కూకున్నోళ్ళు ఇంజను పొగకే సొమ్మసిల్లి పడిపోయేవోరట. ఇది దానికి మనవరాలు. మీకు పొగ రాదులెండి."

టీచరు కొంచెం నవ్వింది.

ఈ బండి ఎన్నో ఏళ్ళు ఒక కంటోన్మెంటు గేటు దగ్గర దిమ్మె మీద రంగు పూసుకుని నిలబడి ఉండేది. పిల్లలు దాని మీదెక్కి జారేవారు. మావ వాళ్ళు దింపి, ఫిరంగి పీకేసి, పాత బస్సు డీజిలు ఇంజను వేసి, వైర్లు, బ్యాటరీ, సెల్ఫు మోటారు అన్నీ ఊడబెరికారు. ఇప్పుడు ఇందులో నిప్పురవ్వ పుట్టే చోటు లేదు. ఇప్పనూనెతో నడుస్తుంది. ఎప్పుడూ వాలులోనే నిలపాలి, దొర్లించి స్టార్టు చేయాలి. చదునులో ఆగిందంటే ఇక కదలదు.

గద్దలు మనుషుల జోలికి రావు. ఎడ్లని, సైకిళ్ళని, నూనె దీపాల్ని పట్టించుకోవు. సన్నటి కరెంటు పారే చోటు మీదే వాలతాయి. రేడియో, చెవి మిషను, గుండె మిషను. మూసిన ఇనుము కనిపిస్తే ఒకసారి కొట్టి చూస్తాయి. ఇనప పెట్టెల్లో పెట్టి ఎడ్లబండి మీద మనుషుల్ని తెద్దామని చూసినవాళ్ళున్నారు. పెట్టెలు చీలిపోయాయి. ఈ బండి పలకలు మాత్రం చీలవు. ఈ గద్దల్ని ఎగరేసిన దేశాలు ఇప్పుడు లేవు. పిలిచి దింపే మాట ఎవరికీ తెలియదు.

ఒక్క సంగతి రాయాలి. ఈ రోజు ఒక గద్ద కొట్టలేదు, వదిలీ వెళ్ళలేదు. ఘాటు రోడ్డు ఎక్కినంతసేపూ మా నెత్తి మీదే తిరిగి, సొరంగం నోటి దగ్గర రాతి మీద వాలింది. ఇంతకుముందు ఇలా జరగలేదు.

"మిషను సప్పుడు మాయమైన సోటల్లా ఈ బండే ఉంతందని పసిగట్టింది," అన్నాడు మావ.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

వాన. మేముండేది పాత రైలు సొరంగంలో. మిషన్లు ఉన్నవాళ్ళు లోపలికంటా, కొండ మందంగా ఉన్న చోట ఉంటారు. మిగతావాళ్ళం నోటి దగ్గర. నా భర్త సూరిబాబు లోపలివాళ్ళలో ఒకడు.

గద్దలు రాకముందు అతనికి మైకుసెట్టు వ్యాపారం. పండగలకి, పెళ్ళిళ్ళకి సీరియల్ లైట్లు కట్టేవాడు. ముప్పై దాటకుండానే గుండె లయ తప్పడం మొదలైతే విశాఖలో మిషను పెట్టించాం. ఇప్పుడు చీకట్లో వెదురు బుట్టలు అల్లుతాడు. కరెంటుతో బతికిన మనిషి.

తడిసి వెళ్ళాను.

"బయట వానెలగుంది?" అన్నాడు.

"గట్టిగానే ఉంది."

"నీ జుట్టు వాన వాసనొస్తంది. తుడుసుకోకు. కూసింతసేపు ఇలగే కూకో."

అలాగే కూర్చున్నాను. పైనుంచి పెళ్ళలు రాలుతున్నాయి. మొన్నటిదాకా నీళ్ళు చెమర్చిన చోట ఇప్పుడు ధార కడుతోంది.

ఆషాఢ బహుళ పంచమి

సొరంగం వెనక నోరు కూలింది. ఎవరూ చావలేదు. కొండకి ఆవలి పక్క ఇంకో సొరంగం ఉంది, ఇంతకంటే పెద్దది. అందరం అక్కడికి పోవాలని పెద్దలు తేల్చారు. మిషన్లు లేనివాళ్ళు నడిచిపోతారు. ఉన్నవాళ్ళు నలుగురు. బండిలో ఒక్కసారికి ఒక్కరే పడతారు.

ఎవరు ముందు అన్న మాట రాగానే సూరిబాబు లేచాడు. "నాను ఆకరికి ఎల్తాను."

తర్వాత అడిగాను, నన్నొక మాట అడగాలని తోచలేదా అని.

"నడిపేదాని మొగుడు ముందెక్కితే జనం ఏటనుకుంతారు వరాలూ? ఆల మొకం మనం రేపు సూడక్కర్లేదేటి?"

"జనం మాట తరవాత. నాను ఏటనుకుంతానో నీకక్కర్లేదా?"

బుట్ట అల్లుతూనే ఉన్నాడు.

శ్రావణ శుద్ధ విదియ

పెద్ద సొరంగం దగ్గర టీచరు దిగింది. రెండోసారి మిషనున్న సవరల తాత దిగాడు. మూడోసారి లక్ష్మన్న అనే వడ్రంగిని తీసుకెళ్తుండగా గద్ద కొట్టింది.

బురుజు మీద పడింది. నాకు చెవులు మూసుకుపోయాయి. పలక పగల్లేదు. ఆ కాలపు బండ్లకి ఉన్న శాపం గురించి మావ ఎన్నోసార్లు చెప్పాడు. పలక నిలబడుతుంది, కానీ పలకని పట్టి ఉంచిన రివెట్లు తెగి లోపలికి తూటాల్లా లేస్తాయి. ఒకటి ఆయన మెడలో దిగింది.

లక్ష్మన్న తన తువ్వాలుతో మెడ అదిమిపట్టి "ఆపకు అమ్మా, ఆపకు" అని అరుస్తూనే ఉన్నాడు. ఆపలేదు. పెద్ద సొరంగం చేరేసరికి మావకి ఇంకా తెలివుంది. పూర్వం ఆసుపత్రిలో నర్సుగా చేసిన సుగుణ సిస్టరు పరిగెత్తుకొచ్చింది. ఆయన నా వైపు చూసి, "వాలులో పెట్టీసినావా బండి?" అన్నాడు.

"పెట్టేను మావా."

సాయంత్రానికి పోయాడు. పటాలం మనిషి, ఏ యుద్ధంలోనూ చావలేదు.

శ్రావణ శుద్ధ షష్ఠి

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఈ ఉదయం సూరిబాబుని ఎక్కించాను. బురుజులో ఎవరూ లేరు. ముందున్న సన్నటి సందులోంచి కనిపించినంత మేరే దారి. వాన తగ్గి పొగమంచు ఉంది. అతను నా వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యేశాడు. చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరం కలిసి ఊరికి పోతున్నట్టే ఉందని అరిచాడు. ఇంజను మోతలో సగమే వినిపించింది. నవ్వాను కూడా.

చేపలగెడ్డ అనే వాగు మలుపులో గద్ద ఎడమ గొలుసుని కొట్టింది. లింకు తెగింది. బండి ఒక్కసారిగా పక్కకి తిరిగి, గెడ్డ ముందరి చదునులో ఆగిపోయింది. ఇంజను ఆరిపోయింది.

తర్వాత అవి ఒక్కొక్కటే వచ్చి వాలాయి. రోడ్డు మీద, బండల మీద, బురుజు మీద. బురుజు మీద వాలినదాని గోళ్ళు ఇనుము మీద గీసుకునే చప్పుడు లోపలికి వినిపించింది.

"ఎన్నున్నాయి?" అన్నాడు సూరిబాబు.

సందులోంచి చూశాను. "నాలుగైదు."

అంతకంటే చాలా ఎక్కువ ఉన్నాయి.

భాద్రపద శుద్ధ దశమి

రాయని రోజుల సంగతి ఒక్కచోటే రాస్తున్నాను. ఆ రోజు బండి లోపల రాగి తెర అడ్డం కట్టి, ఆ చాటున నేనొక్కదాన్నే బయటపడి కొత్త సొరంగానికి నడిచాను.

కొత్త సొరంగం వాళ్ళు మంచివాళ్ళు. లక్ష్మన్న కొడుకులు, గిరిజన గూడెం మగవాళ్ళు వచ్చి, గద్దల మధ్యనే కూర్చుని తెగిన లింకు మార్చారు. అవి తలలు తిప్పి చూశాయే గాని ఏమీ చేయలేదు. గూడెంలో ఉన్న దున్నపోతులన్నిటినీ మోకులతో బండికి కట్టారు. బండిని వాలు దాకా లాగితే చాలు, దొర్లి స్టార్టవుతుంది.

కదిలింది. నేను లోపల లివర్లు పట్టుకుని ఏడుస్తున్నాను, కదిలింది కాబట్టి. అప్పుడు గద్ద మళ్ళీ గొలుసుని కొట్టింది. తెగిన ఇనుప ముక్క లక్ష్మన్న పెద్దకొడుకు అప్పన్న కడుపులో దిగింది. అక్కడే పోయాడు. ఒక దున్న కూడా చచ్చింది.

ఆ తర్వాత మళ్ళీ బండి లాగమని నేను ఎవర్నీ అడగలేదు. ఎవరూ అడగమని అనలేదు. లక్ష్మన్న మాత్రం, "నన్ను నువ్వు దింపినావు కదమ్మా," అన్నాడు. ఆ మాట ఎటు తీసుకోవాలో తెలియక తల దించుకున్నాను.

ఇప్పుడు నా పని ఇది. పొద్దున్నే చోడి అంబలి, నీళ్ళు పట్టుకుని మలుపుకి వస్తాను. గద్దల్ని తప్పించుకుంటూ నడవాలి. కాళ్ళకి అడ్డం వచ్చినా లేవవు. బురుజు తలుపు తీసి లోపలికి దిగి, నెత్తి మీద తలుపు మూసుకున్నాకే లోపలి రాగి తెర ఎత్తాలి. తెర అవతల సూరిబాబు. తెర ఎత్తగానే చెమట, ఇప్పనూనె, దొడ్డి కుండ కలిసిన వాసన. కుండ పైకి తెచ్చి గెడ్డలో కడుగుతాను. లోపల నిలబడడానికి లేదు, కాళ్ళు చాపుకోవడానికి లేదు. అతను కూర్చునే నిద్రపోతాడు.

ఆశ్వయుజ శుద్ధ చవితి

గుండె మిషను తప్పుతోంది. రాత్రి రెండుసార్లు కళ్ళు తిరిగాయన్నాడు. సిస్టర్ని అడిగాను.

"బ్యాటరీ అయిపోతోంది వరాలూ. అది మార్చాల్సిన ఏడాది ఎప్పుడో దాటిపోయింది. ఇన్నాళ్ళు రావడమే ఎక్కువ."

"అయిపోతే?"

"కొందరికి గుండె తనంతట తను మెల్లిగా కొట్టుకుంటుంది. కొన్నాళ్ళు. కొందరికి అదీ ఉండదు. సూరిబాబుకి ఎలా ఉంటుందో నేను చెప్పలేను."

వచ్చి అతనికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎండ ఎక్కింది. పలకలు కాలుతున్నాయి. ఇదే ఇలా ఉంటే వేసవి ఎలా దాటుతాడో అనుకున్నాను.

"వరాలూ," అన్నాడు చివరికి. "నువ్వు గెడ్డ దాటి ఎల్లిపో. బాగా కిందికంటా ఎల్లిపో. ఎల్లినాక నాను తలుపు తీసీస్తాను."

"ఏటా మాట?"

"కోపం తెచ్చుకోకు. సొరంగంలో దూరిన కాన్నించీ ఆకాసం సూడలేదు. అవి కొట్టీలోగా ఒక్కసారి సూసీవొచ్చు. అది సాలు."

"నాకు సాలదు," అన్నాను.

"నీకెలగ సాలుద్ది? బయట తిరిగీదానివి నువ్వు." ఆ మాట అని వెంటనే నా చెయ్యి పట్టుకున్నాడు. "తప్పు. అలగనకూడదు."

పైకి వచ్చాను. తలుపు మూశాను. బురుజు తలుపుకి బయట కొక్కెం ఉంది, పూర్వం తాళం వేసుకోవడానికి. దున్నల మోకుల్ని బండికి తగిలించిన గొలుసు ముక్క అక్కడే పడి ఉంది. దాన్ని కొక్కెంలో దూర్చి బిగించి, రాయితో కొట్టి వంచాను. నేను నడిపే చోటి తలుపులకీ అదే చేశాను. చప్పుడు విని అతనికి తెలిసింది. లోపలి నుంచి కొట్టలేదు, అరవలేదు. గద్దలు చూస్తున్నాయి.

సొరంగానికి తిరిగి నడుస్తుంటే నాకు తెలిసింది, నేనూ వాటిలో ఒకదాన్నయ్యానని. అయినా వెనక్కి వెళ్ళి విప్పలేదు.

ఆశ్వయుజ శుద్ధ దశమి

మాట్లాడడు. అంబలి తాగుతాడు. కుండ అందిస్తాడు. నా మొహం వంక చూడడు.

ఆశ్వయుజ బహుళ పాడ్యమి

ఈ రోజు మాట్లాడాడు. "రేతిరి కల్లో మైకుసెట్టు కట్టీను. ఎక్కడో జాతర. వైర్లన్నీ కలిపీసి స్విచ్చేసినాను, ఒక్క బల్బూ ఎలగలేదు. జనం అందరూ సీకట్లో నిలబడి సూస్తన్నారు. ఎవులూ తిట్టలేదు, వరాలూ."

నుదురు తడిమితే చల్లగా ఉంది. చేతి నరం పట్టుకుంటే ఒక దెబ్బ, తర్వాత ఏమీ లేదు, ఏమీ లేదు, మళ్ళీ ఒక దెబ్బ. గొలుసు బిగించి వచ్చేశాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. అలా ఉన్న మనిషి మీద గొలుసు బిగించాను.

ఆశ్వయుజ బహుళ సప్తమి

మలుపు తిరిగేసరికి గద్దలు లేవు.

రోడ్డు మీద లేవు, బండల మీద లేవు, బురుజు మీద లేవు. బండి ఒక్కటే ఎండలో నిలబడి ఉంది. అంబలి చెంబు చేతిలోంచి జారిపోయింది. అవి వెళ్ళిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. లోపల కరెంటు ఆగిపోయింది.

గొలుసు చేతులతోనే పీకి విప్పాను. గోళ్ళు చీరుకుపోయాయి. తలుపు తీశాను, మూసుకోలేదు, తెర చించేశాను. వెలుగు లోపలికంటా పడింది. గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. మొహం బూడిద రంగు.

"ఎల్లిపోనాయా?" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

నేను అరిచిన అరుపు ఏమిటో నాకు గుర్తులేదు. చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. ఎముకలే మిగిలాయి కాబట్టి లాగగలిగాను. బురుజు అంచు మీద కూర్చోబెట్టాను. ఎండకి కళ్ళు తెరవలేక చాలాసేపు రెప్పల సందులోంచే చూశాడు. కింద లోయంతా మబ్బు. దూరంగా కాఫీ తోటల మీద ఎండ.

"గొలుసెయ్యకపోతే ఆ నాడే తీసీసుందును," అన్నాడు.

"తెలుసు."

"తిట్టుకున్నాను నిన్ను. బాగా తిట్టుకున్నాను."

"తిట్టుకో."

నా భుజం మీద తల వాల్చాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

గెడ్డలో స్నానం చేయిస్తానంటే వద్దన్నాడు. ఊరికే మట్టి మీద పడుకుంటానన్నాడు. పడుకోబెట్టాను. పక్కనే నేనూ పడుకున్నాను.

ఆశ్వయుజ అమావాస్య

సప్తమి మర్నాడు గూడెం వాళ్ళు అతన్ని డోలీ కట్టి మోసుకొచ్చారు. పెద్ద సొరంగం దగ్గరికి తెచ్చాక లోపలికి రానన్నాడు. నోటికి బయట, రైలు కంకర పక్కన చాప వేశాం. రోజూ రెండడుగులు నడవాలని పట్టుదల. నడిచి, ఆయాసంతో కూర్చునేవాడు. సిస్టరు నరం పట్టి చూసి నాతో ఏమీ చెప్పేది కాదు. ఆమె కళ్ళలోకి నేనూ చూసేదాన్ని కాదు. వెదురు తెచ్చి ఇచ్చారు గాని బుట్ట అల్లలేదు. ఆకాశం చూస్తూ పడుకునేవాడు. ఒక పగలంతా మబ్బులు పోయే దారి నాకు చెబుతూనే ఉన్నాడు, నేను గుడ్డిదాన్నన్నట్టు.

ఇవాళ తెల్లవారాక చాప మీదే పోయాడు. నేను పక్కనే ఉన్నాను. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు, ఆ తర్వాత ఊపిరి తీసుకోలేదు. లక్ష్మన్న చిన్నకొడుకు వచ్చి మోయడానికి చెయ్యేశాడు. అప్పన్న పక్కనే గొయ్యి తీశాం.

బండి సంగతి: చేపలగెడ్డ మలుపులో ఉంది. ఎడమ గొలుసు రెండు చోట్ల తెగింది. లోపలి తెర నేనే చించాను. పలకలు బాగున్నాయి. ఇంక ఎవరైనా నడుపుతారో లేదో తెలియదు, నేను నడపను.

గొయ్యి పూడ్చి తిరిగి వచ్చేసరికి మిషన్లున్న ముగ్గురూ సొరంగం నోటి వరకూ వచ్చి, వెలుగు పడే గీతకి లోపలే నిలబడి ఉన్నారు. అక్కడి వరకూ రావడమే ప్రమాదం. సిస్టరు కేకలేసింది. సవరల తాత, లక్ష్మన్న వెనక్కి వెళ్ళారు. హైమవతి టీచరు వెళ్ళలేదు. బయట ఖాళీగా పడున్న చాపనీ, దాని మీద పడుతున్న ఎండనీ చూస్తూ నిలబడింది.

"ఇన్ని రోజులు ఇక్కడే పడుకున్నాడు కదా, ఒక్క గద్దయినా రాలేదు," అంది మెల్లిగా. తర్వాత సిస్టరు వైపు తిరిగి, బజారులో బేరమడిగినంత మామూలుగా అడిగింది.

"మరి నా బ్యాటరీ ఎప్పుడైపోతుందండీ?"